ఏడు నోళ్ల జంతువు కడుపులోంచి

వారపత్రిక ఆఫీసులో అందరూ ఆయన్ను అక్షరాల మాస్టారు అనేవారు. ఆర్టిస్టు వేసిన బొమ్మల్లో, పాత్రల నోటి పక్కన ఖాళీగా వదిలిన బుడగల్లో, రచయిత పంపిన మాటలు చేత్తో రాయడం ఆయన పని. ఇరవై రెండేళ్లుగా తు.చ. తప్పకుండా రాశాడు. రచయిత తప్పు రాస్తే ఆ తప్పునూ గుండ్రంగా, ముచ్చటగా రాసిపెట్టేవాడు. అందుకే ఆయన రాసిన పేజీని ఎడిటరు మళ్లీ చూసేవాడు కాదు, నేరుగా అచ్చుకు పంపేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనుకునేవారు. ఉన్న నాలుకంతా పాళీలోకి దిగిపోయిందేమో, ఎవరికి తెలుసు!

చివరి మూడేళ్లూ పత్రికను నిలబెట్టింది ఒక బొమ్మల సీరియలు. ఆకాశం నుంచి ఏడు నోళ్ల జంతువులు ఊడిపడతాయి. తినగా మిగిలిన జనం ఒక పాత పిండిమిల్లులో దాక్కుని బతుకుతుంటారు. వారానికి ఒకరిని మింగకపోతే జంతువులకూ తోచదు, రచయితకూ తోచదు. ఆ మిల్లులో ఒక ముసలి మంత్రసాని ఉంది. జంతువు మీద మరిగే నీళ్లు కుమ్మరించి "పోవే, వొళ్లు తుడుచుకుని రా" అనే రకం. మాస్టారి భార్యకు ఆవిడంటే ప్రాణం.

ఆ భార్యకు కడుపులో గడ్డ అన్నారు. వెంటనే ఆపరేషన్ చేస్తే బతుకుతుంది, ఆలస్యమైతే కష్టమని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆవిడ మొండికేసింది. సంతకం చేయాల్సిన కాగితం ఆసుపత్రి మంచం పక్కన నాలుగు రోజులుగా అలాగే పడి ఉంది.

"మంత్రసాని ఈ వారం గండం గట్టెక్కితే పెడతాలెండి సంతకం," అంది. నవ్వుతూనే అంది కానీ, కాగితం వైపు మాత్రం చూడలేదు.

మర్నాడు ఆ వారం పేజీ ఆయన బల్ల మీదికొచ్చింది. జంతువు పెద్దనోరు మూసేసింది. పళ్ల మధ్య నుంచి మంత్రసాని చెయ్యి ఒక్కటే బయటికుంది. పక్కన పెద్ద బుడగ. అందులో రాయమని రచయిత పంపింది ఒకే ఒక్క చావుకేక.

బొమ్మ మార్చడం ఆయన చేతిలో లేదు. పాళీ పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. భయమేసింది, ఉద్యోగం గురించి మాత్రం కాదు. చివరికి రాసేశాడు: "లోపల బోలెడు చోటుంది! ఏడుపులాపి తాడు వెయ్యండి!"

పత్రిక వచ్చాక రచయిత అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"నేను చంపినదాన్ని బతికించడానికి నువ్వెవడివయ్యా?"

"తప్పేనండీ," అన్నాడు మాస్టారు చేతులు కట్టుకుని.

ఎడిటరు మాత్రం ఆ పేజీ చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. వచ్చే వారానికి తాడు గీయమని ఆర్టిస్టుకు చెప్పాడు.

సాయంత్రం మాస్టారు పత్రికను భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ ఆ పేజీ దగ్గర ఆగి బుడగ మీద వేలు పెట్టింది. నవ్వలేదు.

"ఆ రచయితకు చంపడం తప్ప ఇంకోటి రాదు. ఇది మీరు రాసిందే కదూ?"

ఆయన తల దించుకున్నాడు. "నువ్వు లేకపోతే నావల్ల కాదే," అన్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని, కాగితం అందుకుని సంతకం పెట్టింది.

"తాడు వేసే మనిషి బయట ఉండాలిగా," అంది. "రేపు నన్ను లోపలికి తీసుకెళ్లాక టీ అనీ అదనీ ఎక్కడికీ కదలకండి. తలుపు దగ్గరే కూర్చోండి."