మా వీధి పైపు కాఫీకి వెళ్ళింది

మొన్న నా మేనకోడలు ఫోన్ చేసి ఏమందో వినండి! "మామయ్యా, మీ బడికి నీళ్ళు అందవు. మీ వీధి పైపు ముక్కలు ముక్కలుగా ఉంది" అంది. ఎవరితో? ఆ పైపు వేసిన రోజు పక్కనే నిలబడి చూసిన నాతో! ఒళ్ళు మండదా మరి?

ఆ పిల్ల పేరు రమ్య. విజయవాడలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో ఇంజినీరు. మా ఊళ్ళో మంచినీళ్ళ పైపులు బాగుచేస్తారట. ముందు పైపులన్నీ మ్యాపులో గీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తే, ట్యాంకు నుంచి ఏ కుళాయికి ఎన్ని నీళ్ళు అందుతాయో అదే లెక్కగట్టి చెబుతుందట. మా బడి వీధి చివర ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళకి కుళాయి దారంలా సన్నబడిపోతుంది. పిల్లలు ఎంగిలి చేతులతో వరసలో నిలబడాల్సిందే. అందుకే ఆ లెక్కలో మా బడి ఉండి తీరాలి. సోమవారం లెక్క పై అధికారులకి వెళ్ళిపోతుంది.

"పైపు ఎక్కడుందో నాకు తెలుసు, నేనే గీసిస్తా" అన్నాను. కొంప మునిగింది అక్కడే.

రమ్య నా ఫోన్లో ఏదో యాప్ వేసింది. "పైపు మీదుగా నడవండి మామయ్యా. మొదట్లో స్టార్ట్, చివర్లో స్టాప్. అంతే. మీరు నడిచిన దారి గీతలా నా కంప్యూటర్లోకి వచ్చేస్తుంది." ట్యాంకు నుంచి బడి దాకా పద్ధతిగా నడిచాను. పద్ధతిగా నడిస్తే ముక్కలెలా అవుతుందండీ? బస్సెక్కి వెళ్ళి ఆఫీసులోనే నిలదీశాను.

"ఇదిగో, గీత శుభ్రంగా ఉందిగా!" అన్నాను తన కంప్యూటర్లోకి చూసి.

"ఇప్పుడు చూడండి" అని పెద్దది చేసింది. గీత వస్తోంది, ఆగిపోతోంది, కొంచెం అవతల మళ్ళీ మొదలవుతోంది!

"ఇక్కడేం చేశారు?"

"అదా? నేతపని చేసే నాగేశ్వర్రావు మగ్గం ఆపి మరీ వచ్చి లోపలికి రమ్మన్నాడు. ఒకరి ఇంట్లోకి వెళ్తూ ఫోన్లో రికార్డు చేస్తామా? మర్యాదేనా? స్టాప్ నొక్కాను. తర్వాత మాట్లాడుకుంటూ నాలుగిళ్ళ దాకా సాగనంపాడు. అక్కడ గుర్తొచ్చి స్టార్ట్ నొక్కాను."

"మరి ఇక్కడ?"

"వెంకాయమ్మ గారి కాఫీ."

"ఈ సందు?"

"అదీ కాఫీయేనమ్మా, ఎదురింట్లో."

నాకు రోషం వచ్చింది. "ఆ మాత్రం సందులు నీ కంప్యూటరు కలుపుకోలేదా? మా రెండో తరగతి పిల్లలు చుక్కలు కలిపేస్తారు!"

"అడుగో అరడుగో అయితే కలుపుతుంది. ఇంతింత దూరాలు కలపమంటే మన పైపుని పక్క వీధి పైపుకి అతికించేస్తోంది. చిన్నప్పుడు మీరే చెప్పారుగా మామయ్యా, చీమల బారుని మధ్యలో వేలితో చెరిపేస్తే వెనక చీమలకి బెల్లం అందలేదని! మీ బడి ఆ వెనక చీమ."

నా కథ నాకే చెబుతుందా!

"రేపు మళ్ళీ నడవండి. ఎవరితోనూ మాట్లాడొద్దు. దారిలో స్టాప్ ముట్టుకోవద్దు."

ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. "నమస్కారం మాస్టారూ!" అన్నాడు నాగేశ్వర్రావు. నేను తలైనా ఊపలేదు. "పెసరట్లు వేస్తున్నాను, రండి మాస్టారూ" అన్నారు వెంకాయమ్మ గారు. ఆ వాసనకి కాళ్ళు ఆగబోయాయి. ఆగనివ్వలేదు! బడి గేటు ముట్టుకుని, యుద్ధం గెలిచినట్టు ఇంటికొచ్చాను.

గుమ్మంలోనే మా ఆవిడ. "ఏమైందండీ మీకు? మాస్టారికి నామీద కోపమొచ్చిందని నాగేశ్వర్రావు, మీకు చెవుడొచ్చిందని వెంకాయమ్మ గారు, ఊరంతా ఫోన్లు! ముందెళ్ళి సర్దిచెప్పి రండి."

బడి కోసం తిరిగితే ఇదా నాకు దక్కింది! ఇంటింటికీ వెళ్ళి సంజాయిషీ ఇచ్చుకున్నాను.

సాయంత్రం రమ్య ఫోన్. "మామయ్యా, గీత బడి దాకా ఒక్కటే! లెక్కలో మీ కుళాయికి నీళ్ళు అందుతున్నాయి."

"చూశావా మరి!"

"కానీ బడి తర్వాత ఆ పైపు మీ ఇంటికెళ్ళి, నాగేశ్వర్రావు గారి వసారాలో తిరిగి, వెంకాయమ్మ గారి వంటింట్లోకి దూరిందేంటి?"

జేబులోంచి ఫోన్ తీసి ఆ యాప్ చూశాను. ఇంకా గీస్తూనే ఉంది!

"స్టాప్ ముట్టుకోవద్దంది నువ్వే కదా!" అని అరిచాను.

"సరేలెండి, ఆ తోక నేను కోసేస్తాను. ఒక్కటి చెప్పండి, ఆ వంటింట్లోకి పైపు రెండుసార్లు వెళ్ళిందేం?"

"వీధి గుమ్మం దాకా వచ్చాక వెనక్కి పిలిచారమ్మా... రెండో పెసరట్టుకి."