పెళ్ళికూతురి ఊరికి ఆలస్యంగా రాసిన ఉత్తరం

ఇది రాయకూడదనే అనుకున్నాను. మా పక్కింటావిడ పోయి మూడు వారాలైంది. మన సంఘం పత్రిక చూసే అమ్మాయి ఫోన్ చేసి, "అంకుల్, ఆవిడ గురించి రెండు పేజీలు రాసివ్వండి. మన ఉగాదికొచ్చి పులిహోర రెండుసార్లు వడ్డించుకున్న పెద్దావిడే కదా" అంటే, నడుం నొప్పని చెప్పి తప్పించుకున్నాను. నడుం బాగానే ఉంది. ఆవిడ గురించి రాయడం మొదలుపెడితే నా గురించి కూడా రాయాలి. వచ్చిన చిక్కల్లా అదే.

కబురు వాళ్ళబ్బాయి చెప్పాడు, మిల్టన్ కీన్స్ నుంచి. హాస్పిటల్లో పొద్దున్న టీ ఇస్తే చల్లారిపోయిందందట. వేడిది తెచ్చేలోపు వెళ్ళిపోయింది. "ఏ బాధా పడలేదు" అన్నాడు. నేను ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. బల్ల మీద ఒక ఉత్తరం ఉంది, ఆవిడకి చూపించాల్సింది. అప్పటికి అది నా దగ్గరికి వచ్చి నాలుగు రోజులైంది.

కోవెంట్రీలో మేం పక్కపక్క ఇళ్ళలో ముప్పై ఒక్క ఏళ్ళున్నాం. మా పిల్లలు ఆవిణ్ణి ఆంటీ అన్నారు, మనవలూ ఆంటీ అన్నారు. నాకంటే పదేళ్ళు పెద్దది కాబట్టి నేనూ అదే అనేశాను. ఆవిడ మాత్రం నన్ను ప్రొఫెసర్ అనేది. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. ఈ ఊళ్ళో ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపాను. కానీ లైబ్రరీ నుంచి వారానికి నాలుగు పుస్తకాలు తెచ్చుకునేవాణ్ణి. బస్సు డిపోలో ఓసారి రోమన్ల రోడ్ల గురించి మొదలుపెడితే మా సూపర్‌వైజరు తన టీ తీసుకుని బయటికి వెళ్ళి వానలో తాగాడు. అలాంటి మనిషికి ప్రొఫెసర్ అనే పిలుపు ఎంత తీపిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆవిడ వేళాకోళానికే అనేదేమో. నేను మాత్రం నిజమే అనుకున్నాను.

ఆ ప్రొఫెసరుకి ఏ వారం ఏ చెత్త బిన్ బయట పెట్టాలో ఇప్పటికీ తెలియదు. నీలం రంగు వారమా, ఆకుపచ్చ వారమా అన్నది కౌన్సిల్ వాళ్ళు పంపిన కాగితంలో ఉంటుంది. ఆ కాగితం నేనెప్పుడూ చదవలేదు. మంగళవారం సాయంత్రం ఆవిడ ఏ రంగు పెడితే నేనూ ఆ రంగే పెట్టేవాణ్ణి. బుధవారం బండి వెళ్ళాక ఆవిడ తన బిన్‌తో పాటు నాదీ లోపలికి లాగేసేది. మోకాళ్ళ ఆపరేషన్ అయిన మనిషి. "నువ్వు ఆలోచించుకునే మనిషివి, ప్రొఫెసర్. లాగేవాళ్ళం లాగుతాం" అనేది.

ఆవిడ ఇక్కడే పుట్టింది. పెద్దవాళ్ళు ఐర్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు. పెంచింది అమ్మమ్మ. ఒకరోజు వాళ్ళ వంటింట్లో కూర్చుని ఉండగా, బిస్కెట్ల డబ్బాలోంచి ఒక ఫొటో తీసి చూపించింది. గట్టి దవడ, నల్ల శాలువా, ఒడిలో చేతులు. "వేళ్ళు చూడు" అంది. పెళ్ళి ఉంగరం లేదు.

"మా తాత చెల్లెలు ఒకావిడుండేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అందరి ముందూ అంది, మీ అమ్మమ్మకి పెళ్ళే కాలేదు, మీదంతా దొంగ సంతానం అని. అమ్మమ్మ అక్కడే బంగాళాదుంపలు ఒలుస్తోంది. ఒలుస్తూనే ఉంది."

"మీరు అడగలేదా?"

"తర్వాత అడిగాను. పెళ్ళినాడు వాన పడిందట, వాళ్ళ నాన్న చర్చి మెట్ల మీద జారి కూలబడ్డాడట, అంతే చెప్పి ఊరుకుంది. నాకు ఎనభై దాటింది, ప్రొఫెసర్. నాకు ఆస్తులొద్దు, వంశవృక్షమూ వద్దు. ఆ ముసలామె నోరు మూయించే కాగితం ఒకటి కావాలి. చచ్చి నలభై ఏళ్ళయిందనుకో. అయినా మూయించాలి."

సరే, నేను వెతుకుతానన్నాను. ముందు సర్కారు పెళ్ళిళ్ళ రిజిస్టరు చూశాం. ఇప్పుడవన్నీ ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఏ స్పెల్లింగుతో వెతికినా దొరకలేదు. దానికి కారణం కూడా నేనే పట్టుకున్నాను. ఆ రోజుల్లో ఐర్లాండ్‌లో చర్చిలో పెళ్ళయ్యాక కాగితం నింపి రిజిస్ట్రారుకి చేర్చాలి. చేరిస్తే సరే. మరిచిపోతే ఆ పెళ్ళి సర్కారుకి తెలియదు. ఇక చర్చి పుస్తకమే దిక్కు. ఆ కాలం నాటివి కొన్ని ఇంకా చర్చిల్లోనే ఉన్నాయి. అక్కడి ప్రీస్టుకి ఉత్తరం రాయాలి.

ఏ చర్చికి రాయాలన్నది ప్రశ్న. ఆవిడ అడగనే అడిగింది: "అమ్మమ్మ పుట్టిన ఊరికి రాద్దామా?"

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆంటీ, పెళ్ళంటే మగపిల్లాడి ఇంటి దగ్గర జరుగుతుంది. మీ తాత ఊరికి రాయాలి" అన్నాను. మా వైపు, మా ఇళ్ళల్లో, పెళ్ళి పందిరి మగపెళ్ళివారి వాకిట్లోనే వేస్తారు. శ్రీకాకుళం దగ్గర మా నాన్న వాకిట్లో నా పెళ్ళయింది. మా తాతదీ అక్కడే. లోకమంతా మా నాన్న వాకిలే అనుకున్నాను. కనీసం అడిగి తెలుసుకోవాలనైనా అనిపించలేదు. వాన, మెట్లు, జారి పడ్డ పెళ్ళికూతురి నాన్న, ఇన్ని ఆనవాళ్ళు ఆవిడే చేతిలో పెట్టినా.

తాత ఊరికి రాశాం. లేదన్నారు. ఆ చుట్టుపక్కల చర్చిలన్నిటికీ ఒక్కొక్కటిగా రాశాం. ఒక్కో జవాబుకి నెలలు. రెండేళ్ళు గడిచాయి. ఆవిడ ప్రతి జవాబునీ కవరుతో సహా బిస్కెట్ల డబ్బాలో పెట్టుకునేది. ఆఖరి ఊరు కూడా లేదన్న రోజున, పెద్ద తెలిసినవాడిలా అన్నాను: "ఆంటీ, ఒకవేళ వాళ్ళు నిజంగానే పెళ్ళి చేసుకోలేదేమో. కాగితం లేకుండా హాయిగా కాపురం చేశారనుకుందాం."

ఆవిడ లేచి కప్పులు కడిగింది. రెండే కప్పులు. చాలాసేపు కడిగింది. "నువ్వు చదువుకున్నవాడివి, నీకే తెలియాలి" అంది, నా వైపు తిరగకుండా. ప్రొఫెసర్ అనలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకి బర్మింగ్‌హామ్‌లో గోదావరి వాళ్ళింట పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికూతురి తండ్రి గుమ్మం దగ్గర నిలబడి అందర్నీ ఆహ్వానిస్తున్నాడు. హాలు, భోజనాలు, ఏర్పాట్లన్నీ ఆడపిల్లవారివే. భోజనాల దగ్గర ఆయనే చెప్పాడు: "మా వైపు పెళ్ళంటే ఆడపిల్లవారింట్లోనేనండీ. మీకు కాదా?" మా ఆవిడ అరిసె తుంపుతూ నా వైపు చూసింది.

కారెక్కాక అంది: "ఏటండీ, ఆ ఐర్లాండోళ్ళు ఈళ్ళ లాటోళ్ళేమో. ఆ పెద్దావిడ ముందే అడిగింది గదా."

"అంత సులువు కాదు" అన్నాను.

"మీకేటీ సులువు కాదు. తప్పైపోనాదని చెప్పడం మరీను."

ఇంటికొచ్చి, ఐర్లాండ్ పూర్వీకుల్ని ఎలా వెతకాలో చెప్పే పుస్తకం తీసి చూశాను. మొదటి అధ్యాయంలోనే ఉంది. అక్కడా పెళ్ళి మామూలుగా పెళ్ళికూతురి చర్చిలోనే. రెండేళ్ళుగా నా అలమారాలో ఉన్న పుస్తకమది.

పక్కింటికెళ్ళి "ఆంటీ, మీరన్నదే సరి" అంటే అయిపోయేది. వెళ్ళలేదు. ఆవిడకి చెప్పకుండా పెళ్ళికూతురి ఊరికి రాశాను, జవాబు చేతిలో పెట్టుకుని గొప్పగా వెళ్దామని. ఈలోగా ఆవిడకి ఊపిరి అందక హాస్పిటల్లో చేర్చారు. చూడటానికి రెండుసార్లు వెళ్ళాను. ద్రాక్షపళ్ళు తీసుకెళ్ళాను. వాతావరణం గురించి మాట్లాడాను. "పుస్తకాలేం చదువుతున్నావు?" అని అడిగింది. చెప్పాను కూడా, అరగంట.

జవాబు ఒక శనివారం వచ్చింది. చర్చి ఆఫీసులో పనిచేసే ఒకావిడ నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో రాసింది. ఉంది. వాళ్ళిద్దరి పేర్లు, ఇద్దరి తండ్రుల పేర్లు. లెంటు ఉపవాసాలు మొదలవడానికి ముందు వారంలో పెళ్ళి. సాక్షి పెళ్ళికూతురి అన్న. ఐదు వాక్యాలు.

ఆ రోజే బస్సెక్కితే హాస్పిటల్ ఇరవై నిమిషాలు. నేను నడిపిన రూటే. కానీ ఆ ఉత్తరం ఎలా దొరికిందో చెప్పడానికి నాకొక కథ కావాలి. నా తప్పు కనపడకుండా, నా తెలివి కనపడేటట్టు. శనివారం ఒకలా అల్లాను. ఆదివారం ఇంకోలా. సోమవారం బాగానే కుదిరింది గానీ, ఆవిడ ముందే అడిగిన మాట దగ్గర అతుకు తెలిసిపోతోంది. మా ఆవిడ మంగళవారం దాకా చూసి, "కాయితం ఇచ్చేసి రండి. కత ఎవరడిగేరు?" అంది. రేపు వెళ్తానన్నాను. ఆ రేపు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

ఆవిడ నాకు చేసినవి చాలా ఉన్నాయి. మా ఆవిడకి ఇంగ్లీషు రాని రోజుల్లో జీపీ డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకెళ్ళింది. మా పోపు వాసనకి వీధిలో ఒకాయన సణిగితే, ఆయన గుమ్మంలో నిలబడి, "మీ ఇంట్లో ఏ వాసనా రాదు, అదీ ఒక ఫిర్యాదే" అంది. ఏదైనా పోగొట్టుకున్నామంటే, "వస్తువుని వెతక్కు, ఆఖర్న ఎవరి చేతిలో ఉందో ఆ మనిషిని వెతుకు" అనేది. ఇవన్నీ రాసి నివాళి ముగించేయొచ్చు. కానీ ఆవిడ నన్నడిగింది ఒక్కటే. అది నా చేతిలో నాలుగు రోజులుంది.

ఫ్యూనరల్ రోజు చర్చిలో వెనక వరసలో కూర్చున్నాను, ఉత్తరం కోటు జేబులో పెట్టుకుని. వారం తర్వాత వాళ్ళబ్బాయి ఇల్లు ఖాళీ చేయడానికొస్తే, వెళ్ళి ఇచ్చాను. ఈసారి కథ అల్లలేదు. మీ అమ్మ సరిగ్గానే చెప్పింది, నేనే రెండేళ్ళు తప్పు ఊళ్ళకి రాయించాను, దొరికాక కూడా దాచుకున్నాను అని చెప్పాను.

అతను ఉత్తరం రెండుసార్లు చదివాడు. "అమ్మ ఇది వెతుకుతోందని నాకు తెలియనే తెలియదు. మీకొక్కరికే చెప్పినట్టుంది" అన్నాడు.

బిస్కెట్ల డబ్బా ఎక్కడుందని అడిగాను. అలమారాలోంచి తీసిచ్చాడు. జవాబు కవరులో పెట్టి, మిగతా కవర్ల మీద పెట్టి, మూత వేసి అతని చేతికిచ్చాను. కారు వెనక సీట్లో పెట్టుకున్నాడు.

మొన్న మంగళవారం సాయంత్రం ఆకుపచ్చ బిన్ బయట పెట్టాను. అది నీలం వారమట. బుధవారం బండి ఆగకుండా వెళ్ళిపోయింది. మధ్యాహ్నం దాకా బిన్ అక్కడే ఉంటే, వెళ్ళి లోపలికి లాక్కొచ్చుకున్నాను.