నీలిమందు పూసుకున్న గుర్రం

వాండా స్పెండ్‌లవ్‌కు యాభై రెండేళ్లొచ్చినా తీరని కోరిక ఒకటుండేది. తాను గుర్రమెక్కి దౌడు తీయడాన్ని తెరమీద చూసుకోవాలి. అమెరికాలోని కనాబ్ అనే ఎడారి ఊరికి వచ్చే సినిమాలవాళ్లకు పదిహేనేళ్లుగా గుర్రాలు అద్దెకిస్తున్నది ఆమే, వాటిని మచ్చిక చేసేదీ ఆమే. అయినా కథానాయిక దౌడు తీయవలసిన చోటల్లా మీసం గొరిగించుకున్న మగవాడెవడో గౌను తొడుక్కుని ఎక్కేవాడు. ఆడవాళ్లు పడిపోతారని కంపెనీల భయం. పన్నెండేళ్లకే తండ్రి పశువులమందను కొండ దాటించిన మనిషి విషయంలో ఆ భయానికి ఆధారమేమిటో ఎవరూ చెప్పలేదు. ఆమె స్వారీలో లోపమల్లా ఒక్కటే: ఎడమ మోచేయి కోడిరెక్కలా బయటికి విచ్చుకునేది. తండ్రి ఎంత తిట్టినా అది మారలేదు.

1948 వసంతంలో రాస్క్ అనే దర్శకుడు ఆమె స్వారీ చూసి, "చివరి దౌడు నువ్వే చెయ్యమ్మా," అన్నాడు. కథానాయిక రాత్రివేళ నల్లగుర్రం మీద ఇసుకదిబ్బ దిగి పారిపోయే ఘట్టమది. తీసేది మాత్రం పట్టపగలే. కెమెరాకు ఎర్రటి అద్దం తగిలిస్తే నీలాకాశం నల్లబడి, బొమ్మలో రాత్రి అయిపోతుంది.

తీరా ఆ సోమవారం పొద్దున నల్లగుర్రం డీకన్ గిట్టలో రాయి గుచ్చుకుని కుంటసాగింది. వాండా చప్పున ఎర్రగుర్రం పెన్నీకి జీను కట్టింది.

"నల్లదానికి బదులు ఎర్రదేంటి వదినా?" అంది ఆడపడుచు ఐడోనా.

"రంగుల్లేని సినిమాలో ఎరుపూ నలుపూ ఒకటేనే పిచ్చిదానా! పదిహేనేళ్లుగా చూస్తున్నాగా."

ఆమె అబద్ధమాడలేదు. కాకపోతే ఆమె గమనించినవన్నీ పగటి దృశ్యాలు. వాటి సాక్ష్యంతో రాత్రి దృశ్యానికి తీర్పు చెప్పడం పొరపాటు. రాస్క్ కూడా తలూపాడు కనుక ఆ పొరపాటులో సగం అతనిది.

దౌడు అద్భుతంగా సాగింది. పెన్నీ దిబ్బ దిగుతుంటే ఇసుక పొగలా లేచింది. అంతలో ఎదుటి బండమీంచి కెమెరామన్ బ్రాండెల్ అరుచుకుంటూ దిగివచ్చాడు.

"నాకు తెల్లగుర్రాన్ని పంపిందెవరు?"

"తెల్లదా? ముందా కళ్లద్దాలు తుడుచుకో నాయనా!" అంది వాండా.

అతను ఎర్రటి అద్దం ఆమె చేతిలో పెట్టాడు. అందులోంచి చూస్తే పెన్నీ పాలలో ముంచి తీసినట్టు తెల్లగా మెరుస్తోంది.

రాస్క్ కోప్పడలేదు. "దిబ్బనిండా గిట్టల గుర్తులే. మధ్యాహ్నం గాలి లేచి అవి చెరిగేదాకా ఆగుతాను. అప్పటికి నల్లగుర్రం ఉండాలి. లేదంటే స్టూడియోకి వెళ్లాక మా మనిషే చేస్తాడు."

"గౌను వేసుకునేనా?"

"గౌను వేసుకునే."

వాండా అద్దం ఇంకా దించలేదు. బండలు, జీను, టోపీ, ఒక్కొక్కటే చూస్తూ ఐడోనా దగ్గర ఆగింది. ఐడోనా కట్టుకున్న నీలం ఏప్రాన్ బొగ్గులా కనిపిస్తోంది.

"ఐడోనా, ఇవాళ సోమవారం, ఊరంతా బట్టలుతికే రోజు కదూ?"

"అవును. బట్టలన్నీ నానబెట్టి మరీ వచ్చా."

"ఊళ్లో ఉన్న నీలిమందంతా పట్రా!"

గంటలో ఎనిమిదిమంది ఆడవాళ్లు సీసాలతో, బకెట్లతో దిగారు. "మా ఆయన ఆదివారం చొక్కా పసుప్పచ్చగా ఉంటే బిషప్పుగారికి నువ్వే జవాబు చెప్పుకోవాలి వాండా!" అంటూనే ఒకామె పెన్నీ వీపుమీద బకెట్టు కుమ్మరించింది. చూస్తూండగానే గుర్రం వంకాయరంగుకు తిరిగింది. బ్రాండెల్ అద్దం పెట్టుకుని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"కారు నలుపు," అన్నాడు చివరికి. ఆడవాళ్లు నీలి చేతులతోనే చప్పట్లు కొట్టారు.

మూడింటికి గాలి లేచింది, దిబ్బ నున్నబడింది. వాండా పెన్నీ మీద మళ్లీ దిబ్బ దిగింది. ఈసారి బండమీంచి అరుపులేవీ రాలేదు.

శరదృతువులో సినిమా కనాబ్‌కు వచ్చింది. తెరమీద ఆమె దౌడు ఏడు సెకన్లు. మొహం టోపీ కిందే ఉండిపోయింది.

"మొహమే లేదుగా వదినా! అది నువ్వేనని ఎవరు నమ్ముతారు?" అని ఐడోనా గొణిగింది.

వెనక వరసలోంచి ఒక ముసలి పశువులకాపరి గొంతెత్తాడు. "ఒరే, ఆ మోచేయి చూడండ్రా! మన వాండా!"

హాలంతా గొల్లున నవ్వింది. వాండా తన ఎడమ మోచేతిని కుడి అరచేత్తో ఒకసారి నిమురుకుంది.