గంజి పెట్టిన లైట్ల శాలువా

మా పెద్దమ్మ సంపూర్ణమ్మ తొమ్మిదో ఏట పట్టిన అల్లికసూది యాభై దాటినా దింపలేదు. నర్సాపురం చుట్టుపక్కల ఇలాంటి ఆడవాళ్ళు వేలల్లో ఉంటారు. లేసు అల్లుతారు, ఏజెంటు వచ్చి పట్టుకుపోతాడు, అది ఓడెక్కి ఏ దేశమో పోతుంది. చర్చిలో బల్లమీద పరిచిన గుడ్డ తప్ప తను అల్లినది మళ్ళీ ఆవిడ కంట పడలేదు. "ఇన్ని జాకెట్లల్లాను. ఒక్కటైనా మనిషి ఒంటిమీద ఎలాగుంటదో చూడలేదే తబితా" అని ఏడాదికోసారైనా నాతో అనేది.

2003లో నేను భీమవరంలో ఇంజనీరింగ్ మూడో ఏడు. కాలేజీ ఎగ్జిబిషన్‌కి అందరూ అట్టముక్కల మీద సర్క్యూట్లు అతికిస్తుంటే నాకు ఒళ్ళు మండేది. ఆ చిరాకులోంచే పుట్టింది, వెలిగే శాలువా ఆలోచన. లేసు పెద్దమ్మది, లైట్లు నావి. సంతోషం పట్టలేక ఆ రోజే బస్సెక్కి వెళ్ళి చెప్పాను.

"వేసుకునేదెవరు?" అంది ముందు.

"నా ఫ్రెండు పావని. వేసుకుని హాలంతా తిరుగుతుంది. నువ్వూ వచ్చి చూద్దువుగాని."

అంతే, చేతిలో ఉన్న ఏజెంటు పని పక్కన పడేసింది. ఆవిడ అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

మోటార్లకి వైండింగ్ చేసే చంద్రరావుగారి షాపు నుంచి సన్నటి రాగితీగ తెచ్చాను. దాన్ని దారంలా అల్లబోతే నాలుగో కుట్టుకే పుటుక్కుమంది. నేను డీలాపడ్డాను గానీ ఆవిడకి హుషారొచ్చింది. తీగని తిన్నగా పోనిచ్చి, దానిమీద దారంతో అల్లడం మొదలెట్టింది.

"తీగని వంచకూడదే. దారమే వంగాలి" అంది. ఇది నా పుస్తకాల్లో ఎక్కడా లేదు.

లేసులో అల్లిన ఆకుల వరసకి ఒక పక్క ప్లస్ తీగ, రెండో పక్క మైనస్, మధ్యలో మిరియపుగింజంత ఎర్ర బల్బులు నలభై. చివర్న రెండు బ్యాటరీల డబ్బా కుట్టేశాం. స్విచ్ వెయ్యగానే శాలువా అంతా ఎర్రగా వెలిగింది. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. అంచులు పూర్తిచేసి ఎగ్జిబిషన్ రోజు తనే తెస్తానంది.

తెచ్చింది. పావని భుజాల మీద కప్పి స్విచ్ వేశాను. వెలగలేదు. కొత్త బ్యాటరీలు వేశాను. వెలగలేదు. జడ్జీలు మూడో టేబుల్ దగ్గరున్నారు, మాది ఏడోది. శాలువా తాకి చూస్తే అప్పడంలా పెళపెళలాడింది.

"పెద్దమ్మా, దీన్ని ఏం చేశావ్?"

"ఏం చేస్తాను? ఉతికి గంజి పెట్టాను. గంజి పెట్టని లేసు గడప దాటిస్తారేంటే? బ్యాటరీలు తీసేశాలే."

"మరి డబ్బా?"

"కుట్టేసుంది కదా. దాంతోపాటే ముంచాను."

నేనేమన్నానో ఇక్కడ రాయను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆవిడ మాత్రం డబ్బా మూత తీసి, బ్యాటరీలు నా చేతిలో పెట్టి, లోపల వేలితో తడిమింది.

"ఇదిగో, స్ప్రింగుకి గంజి అట్టకట్టింది."

సంచిలోంచి అల్లికసూది తీసి గీకింది. తెల్లటి పొట్టు రాలింది. జడ్జీలు ఐదో టేబుల్ దగ్గరకొచ్చారు. పైట చెంగుతో తుడిచి, బ్యాటరీలు పెట్టి స్విచ్ వేసింది.

నలభై బల్బులూ వెలిగాయి. అప్పుడే ఇంకోటి గమనించాను. ఇంట్లో తీగ బరువుకి వేలాడిన ఆకులు ఇప్పుడు గంజితో బిర్రుగా నిలబడి, దేనికదే విడిగా వెలుగుతున్నాయి. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషని ఇన్నాళ్ళూ ఆవిడని ఎగతాళి చేశాను. ఈసారి కుందేలుకి నిజంగానే మూడు కాళ్ళున్నాయి.

జడ్జీలు వెళ్ళాక చూస్తే పెద్దమ్మ పక్కన లేదు. హాలు చివర కనిపించింది. పావని ముందు నడుస్తోంది, నాలుగడుగుల వెనక పెద్దమ్మ. ఆ పిల్ల ఆగితే ఆగుతోంది, కదిలితే కదులుతోంది.

"పెద్దమ్మా, రెండింటి బస్సు వెళ్ళిపోద్ది. రా" అన్నాను.

ఆవిడ నా వైపు తిరగలేదు.

"పోనీవే. ఆ అమ్మాయిని ఇంకోసారి ఇటు తిరిగి రమ్మను. ఇప్పటిదాకా వెనకనుంచే చూశాను."