సుప్రియ రాసుకొచ్చిన సాయం

మా ఆఫీసులో నా పక్క కుర్చీ సుప్రియది. ఊరు గోపాల్‌పేట. ఆమెను కిలో టమాటాలు తెమ్మంటే పచ్చడికా, కూరకా, ఈ పూటకా, రేపటికా అని అడిగి, జవాబులు రాసుకొని గానీ చెప్పులు తొడుక్కోదు. ఇంట్లో దీన్ని చాదస్తం అన్నారు. వనపర్తిలోని మా చిన్న కంపెనీ మాత్రం దీనికే జీతం ఇస్తోంది. యాప్ తయారు చేసే ముందు ఎవరికి ఏం కావాలో అడిగి రాసుకురావడం ఆమె పని.

పోయిన నెల గద్వాలలో ఒక చేనేత సంఘం యాప్ కావాలంది. చీర మీది చీటీని ఫోన్‌తో చూస్తే, ఆ చీర నేసినవాళ్ల పేర్లు కనిపించాలి. సుప్రియ నాలుగు రోజులు మగ్గం మగ్గం తిరిగి నలభై పేజీలు రాసుకొచ్చింది. చీటీ ఏ మూల కుట్టాలి, వానకు తడిస్తే ఏం చేయాలి, పొరపాటున ఇస్త్రీ తగిలితే ఎవరిని అడగాలి, అన్నీ ఉన్నాయి. "చీటీని ఎలుక కొరికితే?" అని నేను ఎగతాళి చేశాను. పిచ్చిది, అదీ రాసుకుంది.

ఐదో రోజు సంఘం గదిలో అందరి ముందు చదివి సంతకాలు తీసుకోవాలి. నేనూ తోడు వెళ్లాను. మూడో మగ్గం పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు సవరించుకుంది. "నేసేవారు: ఈదన్న. రెండో మనిషి: సాయం."

గది గదంతా గొల్లున నవ్వింది. ఈదన్న పక్కన కూర్చున్న ఆయన భార్య మాత్రం నవ్వలేదు. ఆమె పేరు సాయమ్మ. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. వాళ్ల మగ్గం మీద అది ఒక్కరితో అయ్యే నేత కాదు. ఇరవై ఏళ్లుగా అంచు నేసేది ఆమే. మగ్గం చప్పుడులో ఈదన్న చెప్పిన పేరు మా సుప్రియ చెవికి సాయంగా వినబడింది.

"జర తప్పు పడ్డది, దిద్దుతది తీయ్," అన్నాడు ఈదన్న.

"నువ్వూకో," అంది సాయమ్మ. "బిడ్డా, నాలుగు దినాలు నా చేతి చాయ్ తాగితివి. నా పేరేందో నన్నే అడగొద్దా? రేపు చీర కొన్నోళ్లు ఫోన్ల ఏం సదువుకోవాలె? ఇరవై ఏండ్లు సాయం నేసిందనా?"

అన్ని ప్రశ్నలు అడిగే సుప్రియ పెన్ను మూత తీసింది. "మర్చిపోవుడు గాదు పెద్దమ్మా. నిన్ను అడగాలెనని నాకు తోచనే లేదు," అంది. నాకూ సిగ్గేసింది. ఆ నలభై పేజీలు ముందే చదివింది నేనే. ఎలుకను చూసి నవ్వుకున్నాను గానీ దీన్ని పట్టుకోలేదు.

సుప్రియ అక్కడికక్కడే పేరు దిద్దింది. మగ్గానికి ఒకే సంతకమని గీసిన గీత మీద అప్పటికే ఈదన్న తన సంతకం పెట్టేశాడు. సాయమ్మ పెన్ను అందుకుంది. ఆయన సంతకం పక్కనే ఒక్కో అక్షరం నిదానంగా, పెద్దగా రాసుకుంటూ పోయింది. పేరు గీత దాటి, పక్కన సంఘం అధ్యక్షుడి కోసం వదిలిన గడి నిండా పరుచుకుంది.

అధ్యక్షుడు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి నేనేడ పెట్టాలె?"

"కింద జాగున్నది గదా," అంది సాయమ్మ.