చేపల చెరువు మీద డిస్కో పాటలు

దెబ్బలాటకు దిగేవారు ముందుగా చేతి గడియారం విప్పి సాక్షికి అప్పగించడం సక్రమమైన పద్ధతి. ఈ మధ్యాహ్నం ముదినేపల్లిలో మా మిత్రులు సుందరం గారు ఆ పద్ధతిని పాటించకుండానే, సొంత బావమరిది ప్రసాదును చేపల చెరువు గట్టున పడగొట్టి తన్నారు.

కారణం ఒక క్యాసెట్. ఎనభైల్లో వచ్చి, పాడినవారే మరిచిపోయిన తెలుగు డిస్కో ఆల్బమ్ అది. సుందరం గారు ఇరవయ్యేళ్లుగా దాచుకున్నారు. ప్రసాదు అందులోని టేపంతా బయటికి లాగి, కొంగలు బెదిరేందుకు చెరువుకు అడ్డంగా కట్టాడు.

"ఒరేయ్, అది ఇంకెక్కడా దొరకదురా!" అంటూ సుందరం గారు గెడకర్ర ఎత్తారు.

ప్రసాదు నెత్తురు ఉమ్మి, "నిన్నట్నుంచీ ఒక్క కొంగ వాలితే ఒట్టు బావా! అంత బాగా పాడారు!" అన్నాడు.

గెడకర్ర విరిగింది. విడదీయబోయిన నాకు పెదవి చిట్లింది.

నేను బయలుదేరే సమయానికి ఇద్దరూ నడుంలోతు నీటిలో ఉన్నారు. ప్రసాదు టేపు విప్పి అందిస్తుంటే, సుందరం గారు పెన్సిలుతో క్యాసెట్‌లోకి చుట్టుకుంటున్నారు.

మీ ఇంటి పాత క్యాసెట్లు ప్రస్తుతం ఏ పంటకు కాపలా కాస్తున్నాయో తెలియజేయగలరు.

చుట్టడం పూర్తయ్యేవరకు ముదినేపల్లి పరిసరాల్లో గాలి వీచరాదు. ఈ ఉత్తర్వు అంతిమం.