పోచ నమిలి చూసే మనిషి

మాకు పాలు పోసే షేక్‌పేట ఆయన, ఫిల్మ్ నగర్‌లో మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో బర్రెలను మేపుకునేవాడు. వదిలే ముందు ఒక గడ్డిపోచ తుంపి నమిలి చూసేవాడు.

ఒక వేసవిలో గడ్డి పలచబడితే, ఆయనకు చెప్పకుండా యూరియా చల్లించి నీళ్లు పెట్టించాను. వారానికే ముదురాకుపచ్చగా, ఏపుగా లేచింది. సంబరంగా పిలిచాను.

ఆయన పోచ నమిలి ఉమ్మేశాడు. "యూరియా ఏసిన్రా సార్?"

"త్వరగా పెరుగుతుందని వేయించానండీ."

"పెరిగింది గనీ, యూరియా ఇంక గడ్డిలనే ఉంది, గిప్పుడు మేస్తే బర్ల పానం మీదికొస్తది. నీళ్లు పెడుతుండున్రి, రెండు వారాలు ఆగుదం."

గడ్డి వైపు లాగుతున్న బర్రెలను మెల్లగా వెనక్కి తిప్పాడు. అన్నట్టే రెండు వారాలాగి మేపాడు.

అంతకుముందు ఏడాది ఇంకెక్కడో అలా యూరియా వేసిన గడ్డే మేసి ఆయన చూడిబర్రె చచ్చిపోయిందని తర్వాత ఆయన భార్య చెప్పింది. ఆయన మాత్రం నాతో ఎప్పుడూ ఆ మాట అనలేదు.